వేపరొట్ట కట్టుకున్న పికప్పు

పోయిన ఎండాకాలం ఒకే రోజున మా కొత్త పికప్పు బద్వేలుకూ కడపకూ మధ్య మూడుసార్లు పొగలు కక్కి ఆగిపోయింది. మూడుసార్లూ స్టీరింగు ముందు కూర్చున్నది నేనే. ఇంజనులో ఏ లోపమూ లేదు. ఈ మాట ఇప్పుడు ఇంత నిమ్మళంగా చెబుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం దాన్ని చేసినవాళ్లనూ, అమ్మినవాళ్లనూ, కొన్న మావారినీ కలిపి తిట్టాను. తెలుగు చాలకపోతే ఇంగ్లీషులోకి దిగాను. అసలు సంగతి ఇంట్లో దాచాలని చూశాను గానీ, నాతోపాటు మా వదిన ఉంది కదా! రెండో రోజుకే ఊరంతా పాకింది. ఊరంతా నవ్వింది. ఇక మీరొక్కరూ నవ్వకుండా ఉండటమెందుకు? టీ పోసుకొని కూర్చోండి, చెబుతాను.

మాకు బద్వేలులో చెనక్కాయల మిల్లు ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న పాత వ్యానొకటి మావారు కొన్నారు. అది ఏ యుద్ధంలో ఏం చేసిందో గానీ, మా ఇంటికొచ్చాక మాత్రం ఎవరో ఒకరు తోయనిదే కదిలేది కాదు. మిల్లులో పనికి మనుషుల్ని పెట్టుకునేటప్పుడు మావారు ముందు భుజాలు చూసేవారు. మూటలు మోయడానికని జనం అనుకునేవారు. కాదు, బండి తోయడానికి! చుట్టాలు కూడా మా బండెక్కాలంటే చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి మరీ వచ్చేవారు. నేను డ్రైవింగు నేర్చుకున్నది దానిమీదే. దాన్ని నడిపినవాళ్లు రోడ్డు రోలరునైనా నడుపుతారు.

చివరికి దాన్ని తూకానికి అమ్మేసి, మద్రాసు నుంచి కొత్త పికప్పు తెప్పించాము. ముదురు నీలం రంగు. తాళం తిప్పి బటను నొక్కితే చాలు, స్టార్టయ్యేది! నాకైతే కొన్నాళ్లు నమ్మకం కుదరలేదు. అది అమ్మినాయన కోటు వేసుకొని, చెమటలు కక్కుతూ, మద్రాసులో మాకు బండి మొత్తం తిప్పి తిప్పి చూపించాడు.

“చలిదేశాల్లో ఇంజను తొందరగా వేడెక్కదు మేడమ్. అందుకని అక్కడ బండి మూతికి ముసుగు కప్పుతారు, గాలి తగలకుండా. మీ ఊళ్లో ఆ అవసరం రాదు లెండి” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ ముక్క నాకు భలే నచ్చింది. ఊరికొచ్చాక కనబడినవాళ్లకల్లా చెప్పాను. బండికి ముసుగట, విన్నారా! మా వదినకైతే రెండుసార్లు చెప్పాను. మద్రాసులో ఫిజిక్సు తీసుకొని బి.ఎ. పాసైనదాన్ని. పెళ్లయ్యాక ఇక్కడి ఆడపిల్లల స్కూల్లో కొన్నేళ్లు సైన్సు చెప్పాను. ఉష్ణం పాఠం నేను చెప్పినంత బాగా ఈ తాలూకాలో ఎవరూ చెప్పరని పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా వదిన అంటుంది.

మా వదినంటే మావారి అక్క, నరసమ్మ. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికొచ్చేసింది. మా ఇంట్లో దేవుడి గది, వంటగది, ఊళ్లోవాళ్ల సంగతులు, అన్నీ ఆమె చేతిలోనే. ఏటా అహోబిలం పోయి నరసింహస్వామికి మొక్కు తీర్చుకొని వస్తుంది. నేను సైన్సు మాట్లాడితే ఆమె దిష్టి మాట్లాడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఒకే కప్పు కింద కాపురం. ఒకరినొకరు మార్చాలని ఇద్దరమూ చూశాము. కుదరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా మిల్లులో కాటా దగ్గర దావీదు అని ఒకాయన పనిచేస్తాడు. వాళ్ల తాతలనాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. ఊరి బయట కొద్దిగా మెట్ట చేను ఉంది. ఆయన కూతురు ఎస్తేరు నా దగ్గర చదువుకున్న పిల్ల. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైంది. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు నేనే పెట్టించాను. కడప ట్రైనింగు స్కూల్లో సెలెక్షనుకు రమ్మని పిలుపు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు వరండాలో పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు పలకాలి. పలక్కపోతే ఆ సీటు పక్కవాళ్లకు పోతుంది. మళ్లీ ఏడు చూద్దామంటే, దావీదుకు అంత ఓపిక లేదు. “ఈసారి రాకపోతే మా అక్క కొడుక్కిచ్చి చేసేస్తానమ్మా” అని ముందే చెప్పేశాడు. ఆ అక్క కొడుకును నేను చూశాను, సంతకానికి వేలిముద్రే. ఎస్తేరుకు అక్షరాలు రాకముందే చేసుండాల్సిన పెళ్లి అది. ఇప్పుడు కాదు.

“పొద్దున బస్సుకు పంపిస్తాంలేమ్మా” అన్నాడు దావీదు.

“బస్సెందుకు? దారిలో ఎక్కడైనా నిలబడిపోతే? కొత్త బండి ఉంది కదా, నేనే తీసుకుపోతాను.”

“మీకెందుకమ్మా శ్రమ... బస్సు ఇంతవరకు యాడా నిలబడలేదు.”

“దావీదూ! అది ముసలి ఇంజను. ఇది కొత్త ఇంజను. ఆగే ప్రశ్నే లేదు.”

ఈ మాట నేను మిల్లులో అందరి ముందూ, కాస్త గట్టిగానే అన్నాను. గుర్తుపెట్టుకోండి.

మా డ్రైవరుకు కామెర్లు. మావారికి దూరపు చూపు ఆనదు. కాబట్టి నేనే నడపాలి. తెల్లవారి ముస్తాబై బయటికొచ్చేసరికి బండి ముందు మా వదిన పీట వేసుకొని కూర్చొని ఉంది. బండి మూతికి, అంటే ముందర గాలి పోయే జాలీ ఉంటుంది చూశారా, దానికి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. దానిమీద వేపమండలు అడ్డంగా వరసగా గుచ్చింది. పసుపు పూసింది. బొట్టు పెట్టింది.

“ఏంటి వదినా ఇది?”

“ఉత్త మొగంతో బండిని బయటికి తీస్తావా ఏమ్మే? ఊరి కండ్లన్నీ దీనిమీదే ఉండాయి. ఆ సెట్టి పెండ్లామయితే రోజూ మన గేటు ముందర ఆగి సూసి మరీ పోతాంది.”

“ఈ రోజుల్లో ఎవరైనా...”

“దొరలు గూడా బండి ముందర కప్పుతారని నువ్వే చెప్తివి గదా! వాళ్లకు మాత్రం దిష్టి లేదా యేం?”

“అది దిష్టికి కాదు వదినా, చలికి.”

“చలికో గిలికో. కప్పుతారా లేదా?”

“కప్పుతారు.”

“అంతే గదా.”

వాదించే టైము లేదు. పైగా నాకొక సిద్ధాంతం ఉంది. నమ్మకం లేనిదాన్ని పట్టించుకోకూడదు. అడ్డం చెబితే దానికి విలువ ఇచ్చినట్టవుతుంది. కాబట్టి ఆ వేపమండల వైపు నేను ఇక కన్నెత్తి కూడా చూడలేదు. ఆ రోజంతా చూడలేదు! నా సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా నేనెన్నడూ పాటించి ఎరుగను.

“నేనూ వస్తా. పిల్లకు తోడు” అని వదిన ఎక్కి కూర్చుంది. ఎస్తేరు మధ్యలో. నూనె రాసి గట్టిగా రెండు జడలు, ఉతికి మడత పెట్టిన తెల్ల చీర, ఒళ్లో సర్టిఫికెట్ల కవరు. ఆ కవరును రెండు చేతులతో ఎట్లా పట్టుకుందంటే, గాలికి కాదు, దొంగలకు భయపడినట్టు పట్టుకుంది.

బస్సు అప్పటికే పోయింది. పోనీ, దారిలో దాటేస్తాం కదా!

నేను నిలకడగా కూర్చునే మనిషిని కాను. రోడ్డు మీద ఎవరైనా అడ్డం వస్తే నా చేయి దానంతటదే హారన్ మీదికి పోతుంది. ఊరి బయట మేకల మంద అడ్డం వచ్చింది. అవి రోడ్డును సొంత ఆస్తిలాగా పరుచుకొని నడుస్తున్నాయి. హారన్ కొట్టాను. మళ్లీ కొట్టాను. కాపరి మొహం చిట్లించి చూశాడు. మేకలు అటూ ఇటూ దూకాయి.

“పాపం, అవి యాడికి పోవాల? నిదానంగా పోరాదా” అంది వదిన.

“మేకలకు రెండు గంటలకు సెలెక్షను లేదు వదినా.”

ఒక పల్లె దగ్గర బస్సును పట్టుకున్నాను. జనం దిగుతున్నారు, మూటలు దించుతున్నారు. హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకుపోయాను. వదిన కిటికీలోంచి చేయి బయటపెట్టి ఊపింది. ఎస్తేరు కూడా నవ్వింది. ఆ రోజంతటిలో మేము ముగ్గురం ఒకేసారి నవ్వింది అక్కడే.

తర్వాత కొంతదూరానికి ముల్లు కదిలింది. బండి లోపల, స్టీరింగు పక్కన, ఇంజను వేడిని చూపించే ముల్లు ఉంటుంది. అది మధ్యలో నిలబడాలి. నిలబడలేదు. ఎర్రగీత వైపు పాకింది. ముందు నేను నమ్మలేదు. అద్దం మీద వేలితో తట్టాను. అది ఇంకా పైకి పోయింది! ఇంజను నుంచి బుస్సుమని శబ్దం, ఆవిరి. పక్కకు తీసి ఆపేశాను.

“సెట్టి పెండ్లాం” అంది వదిన.

“నీళ్లు తక్కువై ఉంటాయి” అన్నాను నేను.

నీళ్లు పోసే రేడియేటరు మూత వెంటనే తీయకూడదు, మొహం కాలుతుంది. ఆ మాత్రం తెలుసు. చల్లబడేదాకా ఆగాలి. ఆగడమంటే నాకు చావు. రోడ్డు మీద అటు పది అంగలు, ఇటు పది అంగలు. సూర్యుడి వైపు చూస్తున్నాను, రోడ్డు వైపు చూస్తున్నాను, ఎస్తేరు వైపు మాత్రం చూడటం లేదు. దగ్గర్లో ఒక బావి. బొక్కెన తీసుకొని పోతే అక్కడొకామె కడవ నింపుకుంటోంది.

“బండికి నీళ్లు కావాలమ్మా.”

“మనుషులకే యాడా లేవు, బండికి పోస్తారంటనా? అదేం తాగుతాది?”

“కొంచెం చాలు.”

“వచ్చినోళ్లంతా కొంచెమే అంటారు. బావి చూడు, తాడు ఎంత పొడుగైందో!”

వదిన వచ్చి, నడుముకున్న సంచిలోంచి ఆకూ వక్కా తీసి ఆమె చేతిలో పెట్టి, ఆమె ఊరేదో, చుట్టాలెవరో అడిగి, ఆమె మరదలు మైదుకూరులో మా దూరపు చుట్టాల పక్కింట్లోనే ఉందని తేల్చి, కడవెడు నీళ్లు తీసుకొచ్చింది. నేను మూత తీసి నీళ్లు పోశాను. అంత తగ్గి లేవు. ఫ్యాను బెల్టు లాగి చూశాను. బిగువుగానే ఉంది. ఏమైందో అర్థం కాలేదు. ఈ లోపల వదిన రోడ్డు పక్క వేపచెట్టు కొమ్మలు వంచి, మండలు విరిచి, ముందున్నవాటి మీద ఇంకో వరుస కట్టింది.

స్టార్టు చేశాను. హాయిగా లేచింది.

“నీళ్లు పోస్తే చాలు” అన్నాను.

“మండలు కట్టినాక గదా లేచింది!” అంది వదిన.

ఎస్తేరు ఇద్దరి మధ్యా కూర్చొని కవరు సర్దుకుంది.

ఈసారి ఇంకా తొందరగా ఆగింది. మైదుకూరు ఇంకా రానేలేదు. అదే బుస్సు, అదే ఆవిరి. నాకు అనుమానం ప్లగ్గుల మీదికి పోయింది. ప్లగ్గుల మురికితో ఇంజను వేడెక్కుతుందా? తెలియదు. కానీ ఏదో ఒకటి విప్పకపోతే నేనుండలేను. పానా తీసుకొని ఒక్కొక్కటీ ఊడదీశాను, కొంగుతో తుడిచాను, ఊదాను, ఎండలో పట్టుకొని చూశాను. వాటికేమీ లేదు. నా చీరకు మాత్రం మసి. ఎస్తేరు కళ్లు మూసుకొని పెదవులు కదిలిస్తోంది. వదిన కూడా కళ్లు మూసుకొని నరసింహస్వామిని పిలుస్తోంది. కొంచెంసేపటికి వదిన కళ్లు తెరిచి నిట్టూర్చింది.

“నీ దేవుడూ నా దేవుడూ ఇద్దరూ పొద్దున బస్సెక్కి పోయినట్టుండారు పాపా.”

ఆ మాట పూర్తవుతుండగానే, నిజంగానే, బస్సు వచ్చింది!

మేము దాటేసి వచ్చిన బస్సే. అది దుమ్ము లేపుకుంటూ వచ్చి మా పక్కన ఆగింది. కండక్టరు మెట్టు మీద నిలబడి చూశాడు. నన్ను ఎరుగును.

“ఏం టీచరమ్మా! హారన్ కొట్టుకుంటా ముందరికి పోతిరే!”

బస్సులో అందరూ కిటికీల్లోంచి తలలు పెట్టారు.

“చిన్న పని చేసుకుంటున్నాము” అన్నాను, చేతిలో ప్లగ్గుతో.

“కొత్త బండికి పనేందమ్మా? సరేగానీ, వెనక ఒక సీటుండాది. పాపను కడపకు ఎక్కించమంటారా?”

ఎస్తేరు నా వైపు చూసింది. నేను బస్సు కిటికీల వైపు చూశాను. అందులో మా మిల్లుకు కాయలు తెచ్చే రైతులు ఇద్దరున్నారు. నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో తెలుసా?

“అవసరం లేదు. ఇదిగో, బయల్దేరుతున్నాము.”

రైట్ రైట్! బస్సు పోయింది. దుమ్ము సద్దుమణిగేదాకా ఎస్తేరు అటే చూస్తూ కూర్చుంది. ఏమైనా అనుంటే బాగుండేది. బస్సు మలుపు తిరిగాక గానీ నాకు తెలివి రాలేదు. ఛీ, ఏం పని చేశాను! పిల్ల బతుకు పట్టుకొని, ఇద్దరు రైతులు నవ్వుతారని భయపడ్డానా?

ఇక నా చేతులు ఆగలేదు. ప్లగ్గులు గబగబా బిగించాను. ఇప్పుడు వదినకు కూడా పట్టుదల వచ్చింది. బండి వెనకనుంచి నల్ల కంబళి తీసుకొచ్చింది. మిల్లులో బస్తాల మీద కప్పే కంబళి.

“ఇంత దిష్టికి మండలు చాలవు. నల్లకంబళి కట్టాల.”

“ఏదైనా కట్టుకో వదినా! తొందరగా కట్టు!”

అన్నానండీ! నేనే అన్నాను! ఆమె ఆ కంబళిని బండి మూతికి అడ్డంగా, బిగువుగా, నాలుగు మూలలా పురితాళ్లతో కట్టి, దానిమీద ఇంకో పందిరికి సరిపడా వేపరొట్ట పేర్చింది. నా సిద్ధాంతం ప్రకారం నేను అటు చూడలేదు.

ఇంజను ఆరింది కదా, స్టార్టయింది. “ప్లగ్గులు” అన్నాను. “కంబళి” అంది.

మైదుకూరు దాకా ఈడ్చుకుంటూ ఎట్లాగో చేరాము. అక్కడ మెకానిక్కు ఉన్నాడు. ఆపనా? ఆపితే ఆయన ఇంజనంతా విప్పి గోనెపట్టా మీద పరుస్తాడు, సాయంత్రానికి గానీ కూర్చడు. ఆపకపోతే? ఆపలేదు. ఊరి చివర నీళ్లు మాత్రం పోసుకొని బయల్దేరాను. ఖాజీపేట దాటాక, చెట్టూ చేమా లేని చోట, ముల్లు ఎర్రగీత దాటి ఇక పోవడానికి చోటు లేక ఆగింది. దాని తర్వాత మేమూ ఆగాము.

ఎండ నడినెత్తికొచ్చింది. రోడ్డు మీద గాలి తడితడిగా కదులుతున్నట్టు కనిపిస్తోంది, కానీ తడి ఎక్కడా లేదు. సాయంత్రం దాకా ఇంకో బస్సు లేదు. నడిచిపోయే దూరం కాదు.

“మీరిద్దరూ ఇక్కడే ఉండండి. ఏదైనా బండి దొరికితే తీసుకొస్తాను. లారీ, జట్కా, ఏదైనా సరే” అని చెప్పి ముందుకు పరుగులాంటి నడక నడిచాను. చాలా దూరం పోయాక ఒక ఎద్దులబండి ఎదురైంది. కుండల బండి. అది మైదుకూరు వైపు పోతోంది. అంటే మేము పోవలసిన వైపు కాదు. ఆ బండాయనను తిప్పమని అడిగాను. ఆయన కుండలను చూపించి, ఎండను చూపించి, నన్ను చూసి జాలిపడి పోయాడు. ఉత్త చేతులతో వెనక్కి తిరిగాను. ఎస్తేరుకు ఏం చెప్పాలి? దావీదుకు ఏం చెప్పాలి? ‘ఆగే ప్రశ్నే లేదు’ అని మిల్లంతా విన్నది కదా!

దూరంనుంచే వదిన కేకలు వినిపించాయి. “పో! పో! థూ! మీ జాతి చెడ!”

మా బండి చుట్టూ మేకలు. ఒకటి కాదు, ఒక మంద. రెండు మేకలు ముందుకాళ్లు బంపరు మీద పెట్టి నిలబడి వేపాకు పరపరా లాగుతున్నాయి. ఒకటి ఏకంగా బంపరు మీదికెక్కింది. ఇంకొకటి కంబళి మూల పట్టుకొని పీకుతోంది. వదిన చెప్పు చేత్తో పట్టుకొని ఒకదాన్ని తరిమితే, రెండోవైపు నుంచి నాలుగు వస్తున్నాయి. మేకలు కాసే ముసలాయన కట్టె మీద గడ్డం ఆనించి తీరిగ్గా చూస్తున్నాడు.

“ఏమప్పా! నీ మేకల్ని పిలుచుకోవా?” అని వదిన అరుస్తోంది.

“తిననీలేమ్మా. పచ్చాకు కండ్లజూసి ఎన్నాళ్లాయనో. మీరేమో బండికి కట్టి ఎండబెడ్తాండారు.”

“అది దిష్టికి కట్టింది! తింటే నీ మేకలకు తగుల్తాది!”

“మేకలకు దిష్టి యాడ తగుల్తాదమ్మా? వాటికే కొమ్ములుండాయి.”

నాకు అప్పుడు ఓపిక అయిపోయింది. రోడ్డు పక్క కూలబడ్డాను. “తిననీ వదినా. ఎట్లాగూ పోని బండి. వాటి కడుపైనా నిండనీ.”

పెద్ద మేకపోతొకటి ఒక్క గుంజు గుంజింది. కంబళీ, పురితాళ్లూ, మిగిలిన రొట్టా, అన్నీ కలిసి దబ్బున కింద పడ్డాయి. ఆకంతా నిమిషాల్లో మాయం. మిరపకాయల్లో ఒకటి నమిలి, తుమ్మి, మిగతావి వదిలేశాయి. ముసలాయన ఈలవేశాడు. మంద కదిలిపోయింది. బండి మూతి బోసిగా, కొత్తగా, మద్రాసు నుంచి వచ్చిన రోజులాగా మెరుస్తోంది.

అప్పటికి ఇంజను ఆరింది. పోయినంత దూరం పోదామని ఎక్కాను.

“నేనెక్కను” అంది వదిన. “ఉత్త మొగంతో పోతే ఈసారి నిప్పే అంటుకుంటాది.”

“ఎక్కు వదినా, లేకపోతే మేకలాయనతో పో!”

ఎక్కింది. స్టార్టు చేశాను. ముగ్గురం ముల్లు వైపే చూస్తున్నాము. వదిన అయితే ఒక చేయి తలుపు మీదే పెట్టుకుంది, దూకడానికి. ముల్లు కదిలింది. పైకి వచ్చింది. మధ్యకొచ్చింది. అక్కడే నిలబడింది! నేను వేగం పెంచాను. నిలబడింది. ఇంకా పెంచాను. అది కొంచెం కిందికి కూడా దిగింది. బండి రివ్వుమని పోతోంది.

మద్రాసు కోటాయన గొంతు నా చెవిలో మోగుతోంది. ‘బండి మూతికి ముసుగు కప్పుతారు మేడమ్, గాలి తగలకుండా...’ గాలి తగలకుండా! ఇంజను వేడెక్కడానికి! ఈ ముక్క ఊరంతా తిరిగి చెప్పింది ఎవరు? వదినకు రెండుసార్లు చెప్పింది ఎవరు? ఏదైనా కట్టుకో, తొందరగా కట్టు, అన్నది ఎవరు? బోనెట్టు ఎత్తి లోపలంతా వెదికాను. ముక్కు ముందు వేలాడేదాన్ని మాత్రం, మూఢనమ్మకం కాబట్టి, చూడలేదు.

ఇంజను చల్లబడింది, నా మొహం వేడెక్కింది. ఉష్ణం ఎక్కడికీ పోదు, ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మారుతుంది, అంతే. ఈ వాక్యం నా పాఠంలోదే.

“టీచరమ్మా” అంది ఎస్తేరు మెల్లగా. “ఆ మండలూ కంబళీ వల్లే కదా...”

“నీకెప్పుడు తెలిసింది?”

“రెండోసారి ఆగినప్పుడు.”

“మరి చెప్పవేం!”

“ఉష్ణం పాఠం చెప్పింది మీరే కదా. మీకు తెలీకుండా ఉంటుందా, ఏదో ఆలోచించే ఉంటారు అనుకున్నా.”

చూశారా! పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పిల్లలకు నేర్పింది కూడా నేనే. రెండు పాఠాలూ కలిసి పిల్ల కొంప ముంచబోయాయి.

“ఏందే మీరిద్దరూ గుసగుసలు?” అంది వదిన.

“ఏం లేదు వదినా. దిష్టి మేకలు తినేశాయి అంటున్నాము.”

“నేనదే అనుకుంటాండా” అంది వదిన, తృప్తిగా.

కడపలో దూరాము. మనుషులు, జట్కాలు, సైకిళ్లు. హారన్ మీదినుంచి చేయి తీయలేదు. ట్రైనింగు స్కూలు గేటు కనిపించేసరికి వరండాలో అమ్మాయిలు బారులుగా నిలబడి ఉన్నారు. లోపల ఎవరో పేర్లు పిలుస్తున్నారు. బండి ఆగకముందే ఎస్తేరు చెప్పులు చేతిలోకి తీసుకుంది. వదిన కాళ్లు తొక్కి, కిందికి దూకింది. అప్పుడే వినిపించింది.

“డి. ఎస్తేరు!”

“ఉన్నా!” అని గేటు దగ్గరినుంచే అరిచింది. ఎంత గట్టిగా అరిచిందంటే, వరండాలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. ఆ పిల్లకు అంత గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ గొంతు రెండోసారి ఆగినప్పుడే వాడుంటే!

గేటు దగ్గరి ప్యూను మా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, బండి ఆగింది గదా. ఇంక హారన్ ఆపండి.”

చేయి తీశాను.

సీటు వచ్చింది. లోపల ఏదైనా ఒక పాఠం చెప్పి చూపించమన్నారట. ఎస్తేరు ఉష్ణం పాఠం చెప్పిందట. మంచి ఉదాహరణతో చెప్పిందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారట, గది గదంతా నవ్విందట. ఏం ఉదాహరణ ఇచ్చావని నేనడగలేదు. ఆమె చెప్పలేదు. మా గురుశిష్య సంబంధం ఇప్పటికీ బాగానే ఉంది.

ఇంటికొచ్చాక వదినకు విషయం వివరించాను. గాలి, రేడియేటరు, నీళ్లు, అన్నీ బొమ్మ గీసి మరీ చూపించాను. ఆమె శ్రద్ధగా వింది.

“అంటే ముందర కట్టగూడదు.”

“కూడదు.”

“అయితే ఎనక కడతా.”

నేను నోరు తెరిచాను. ఆమె ఆపలేదు. “ఎదురుగా వచ్చేటప్పుడు నీ హారన్‌కు బెదిరి జనం పక్కకు దూకుతాండారు. వాళ్లకు ఏడ్చే తీరిక యాడుంది? బండి పోయినాక ఎనకనుంచి చూసి గదా ఏడ్చేది. అదే సరైన జాగా.”

దీనికి సమాధానం ఫిజిక్సులో లేదు. ఇప్పుడు మా పికప్పు వెనక తలుపు నిండా వేపమండలు, నిమ్మకాయలు, నల్లకంబళి. ఆయుధపూజకు మిల్లువాళ్లు తెచ్చిన పూలదండలు కూడా వెనకే వేయించాను. దూరంనుంచి చూసినవాళ్లు మా బండి రివర్సులో పోతోందనుకుంటారు. అనుకోనీ. మళ్లీ ఒక్కసారి కూడా వేడెక్కి ఆగలేదు. ఆగనందుకు కారణం మా ఇంట్లో ఇప్పటికీ రెండు రకాలుగా చెబుతారు.

దావీదు మాత్రం ఇంకా నన్ను చూసినప్పుడల్లా, “బండి బాగుండాదా అమ్మా?” అని చాలా మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదే నాకు మంట.

నేను మాత్రం ఆ రోజు ఖాజీపేట రోడ్డు మీదే ఒక నిర్ణయం తీసుకున్నాను. మనుషులు అడ్డం వస్తే హారన్ కొడతాను. ఎద్దులబండి అడ్డం వస్తే కొడతాను. కలెక్టరు కారు అడ్డం వచ్చినా కొడతాను. మేకల మంద అడ్డం వస్తే మాత్రం, ఎంత తొందరున్నా సరే, బండి ఆపి, చివరి పిల్లమేక దాటేదాకా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటాను. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.